మా తోటికోడలి ఇంగ్లీషు పరీక్ష

పదిహేడేళ్ళుగా నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో దర్జాగా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. నా కన్నకూతురు మాత్రం ఇంగ్లీషు మాట్లాడ్డానికి నన్ను కాదని, పదో తరగతి తప్పిన మా తోటికోడల్ని ఎంచుకుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. సరే, నేను పనికిరాకపోతే పోనీ. అదే పెరట్లో ఉన్న ఇంకో మొక్క ఎలా పనికొచ్చింది? నా మంటంతా అక్కడే.

అందుకే ఆమె గురించి నేను నిష్పక్షపాతంగా రాస్తానని ఎవరూ అనుకోవద్దు. ఆమెను చూసి కుళ్ళుకున్నదాన్ని నేనే. రాయాల్సిన బాధ్యత కూడా నా మీదే పడింది.

మాది మేడ ఇల్లు. కింద మేము, పైన మా మరిది కుటుంబం. మెట్ల కింద గది ఆమె కుట్టు గది. ఇరవై ఏళ్ళ వయసులో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడే, "అక్కా, ఈ ఇంట్లో పొద్దున వెలుతురు ఎటు నుంచి వస్తుంది?" అని అడిగింది. ఎవరో భావుకురాలు దొరికిందిరా దేవుడా అనుకున్నాను. మిషను ఎక్కడ వేసుకోవాలో చూసుకుంటోందని సాయంత్రానికి గానీ అర్థం కాలేదు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ఆమె కుట్టేది బడిపిల్లల యూనిఫారాలు. చొక్కాలు, నిక్కర్లు, స్కర్టులు. మెడలో నాడాకి కత్తెర వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధిలో పిల్లలంతా ఆమెను కత్తెర పిన్ని అంటారు. నన్ను టీచరుగారు అంటారు. ఆ రెండు పిలుపుల్లో దేంట్లో ప్రేముందో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

ప్రతి అంచులోనూ రెండు వేళ్ళ బట్ట లోపలికి మడిచి కుడుతుంది. "పిల్లలు పెరుగుతారు, బట్ట పెరగదు కదక్కా" అంటుంది. ఆ మడత విప్పి ఇవ్వడానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. పరీక్షల నెల వచ్చిందని తెలియడానికి ఆమెకు క్యాలెండరు అక్కర్లేదు. కొసలు నమిలేసిన కాలర్లు వస్తాయి. మెలితిప్పి మెలితిప్పి గుండీలు ఊడగొట్టిన చొక్కాలు వస్తాయి. ఏ ఇంట్లో ఏ పిల్ల భయపడుతోందో వాళ్ళ అమ్మానాన్నలకన్నా ముందు ఈమెకే తెలుస్తుంది. కానీ నోరు విప్పదు. కొలతలు కూడా అంతే, ఎవరివి వాళ్ళకే చెబుతుంది. మా బడి టీచర్లకు కోట్లు కుట్టినప్పుడు, మా హెడ్‌మిస్ట్రెస్ నడుము ఎంతో చెప్పమని నేనే సిగ్గు విడిచి బతిమాలాను.

"చెబుతానక్కా. నీదెంతో ఆవిడకి చెప్పమంటావా మరి?" అంది.

వంటింట్లో పనుందని లేచొచ్చేశాను.

నిరుడు ఆమెకో అవకాశం వచ్చింది. కుట్టు శిక్షణ కేంద్రంలో నేర్పేవాళ్ళు కావాలన్నారు. ఇరవై రెండేళ్ళు మిషను తొక్కి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. సూదిలో దారం ఎక్కించడానికి మా అమ్మాయిని కేకేసేదాకా వచ్చింది. ఆ ఉద్యోగం వస్తే నిలబడి నాలుగు మాటలు చెప్పి, నెల తిరిగేసరికి జీతం అందుకోవచ్చు. చేతిపని పరీక్షలో అందరికన్నా ముందు నిలిచింది. మిగిలింది ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష. రకరకాల భాషల వాళ్ళు నేర్చుకోవడానికి వస్తారట, అందుకని. కార్డు తీయమంటారు, దాని మీద ఉన్న విషయం గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. విషయాలేమిటో ఉత్తరంలోనే రాశారు: చదువు, విద్యార్థి జీవితం, పరీక్షల ఒత్తిడి.

"బట్టల గురించి అడిగితే రెండు గంటలు చెబుదును. చదువు గురించి నేనేం చెప్పను అక్కా? కాస్త నువ్వే నేర్పాలి" అంది.

పొంగిపోయాను, దాచడమెందుకు. ఈ ఇంట్లో ఒకరు నా విద్యను గుర్తించారు కదా అని. మూడు రోజులు నేర్పాను. నోరు తెరిస్తే దిద్దాను, దిద్దిన చోట మళ్ళీ అనిపించాను, అన్నది సరిగ్గా లేకపోతే ఇంకోసారి అనిపించాను. నాలుగు మాటలయ్యేసరికి ఆమె చెవులు ఎర్రబడేవి, చేయి మెడలో కత్తెర మీదికి పోయేది. మూడో రోజు లేచి, "నువ్వు బడిలో అరిచి అరిచి వస్తావు. నీకెందుకు శ్రమ అక్కా, నేనేదో తంటాలు పడతాలే" అంది. నాకూ హాయిగానే అనిపించింది. ఈ జన్మకి ఇంగ్లీషు రాదులే అనుకున్నాను.

వారం తర్వాత ఒక సాయంత్రం మెట్ల కింద గదిలోంచి నవ్వు వినిపించింది. అది మా అమ్మాయి నవ్వు.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. డాక్టరు చదువు ప్రవేశ పరీక్షకు తయారవుతోంది. ఆ పరీక్ష ఎంచింది నేను, కోచింగు చూసింది నేను, ఏ గంటకి ఏ పుస్తకమో పట్టిక వేసి గోడకి అంటించింది నేను. ఆ ఏడాదంతా మా ఇద్దరి మధ్య మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చదివావా? ఊఁ. తిన్నావా? ఊఁ. మార్కులెన్ని? తొంభై. ఇంతే. అలాంటి పిల్ల కడుపు పట్టుకుని నవ్వుతోంది, అదీ ఇంగ్లీషులో మాట్లాడుతూ.

వాళ్ళు పెట్టుకున్న పద్ధతి కూడా విని తెలుసుకున్నాను. బట్ట కత్తిరించే నమూనా అట్టల్ని మా అమ్మాయి ముక్కలు కోసి కార్డులు చేసింది. ఒక్కొక్కరు ఒక్క కార్డు తీయాలి, ఫోనులో రెండు నిమిషాలు పెట్టుకుని మాట్లాడాలి. ఆ రెండు నిమిషాలూ వినేవాళ్ళు అడ్డు రాకూడదు, దిద్దకూడదు, మొహం చిట్లించకూడదు. అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. మధ్యలో తెలుగు ముక్క దొర్లితే డబ్బాలో ఒక గుండీ వేయాలి. మా తోటికోడలు వేసిన గుండీలతో పదిమంది పిల్లలకి చొక్కాలు కుట్టొచ్చు. అయినా మాట్లాడుతోంది. నా ముందు నాలుగు మాటలకే ఉక్కిరిబిక్కిరైన మనిషి అక్కడ రెండు నిమిషాలు నిండా మాట్లాడుతోంది.

"నీ పరీక్ష ముందా, మీ పిన్ని పరీక్ష ముందా?" అని అడిగాను మా అమ్మాయిని.

"గంటే కదమ్మా."

"నాతో మాట్లాడొచ్చుగా ఆ గంట. నీ ఇంగ్లీషు కూడా బాగుపడుతుంది."

"నీతోనా?" అంది. ఆ ఒక్క మాటా చాలు, నెల రోజులు నిద్ర చెడగొట్టడానికి.

ఇక్కణ్ణించి నేను చేసినవన్నీ చిన్న పనులు. చిన్నబుద్ధి పనులు అనాలి. సరిగ్గా ఆరు కాగానే పాలు పొంగుతున్నాయేమో చూడమని పిలిచేదాన్ని. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, కళ్ళజోడు కనిపించడం లేదని వెతికించేదాన్ని. గోడమీద పట్టిక మార్చి ఆరింటికి భౌతికశాస్త్రం వేశాను. వాళ్ళు ఏడింటికి మార్చుకున్నారు. ఏడింటికి రసాయనశాస్త్రం వేశాను. మళ్ళీ ఆరుకొచ్చారు. పిల్లి మెడలో గంట కట్టబోయి నా మెడలోనే కట్టుకున్నట్టయింది, ఇంట్లో అందరికీ నా ఎత్తు తెలిసిపోయింది.

"ఎందుకంత కడుపుమంట నీకు?" అన్నారు మా ఆయన.

"మంటా? నాకా? దాని చదువు పాడవుతుందని నా బాధ" అన్నాను. ఆయన పేపరు వెనక నవ్వుకున్నారు.

అన్నిటికన్నా నీచమైన పని ఒక ఆదివారం మధ్యాహ్నం చేశాను. అందరం భోజనానికి కూర్చున్నాం. నేను మా తోటికోడలి వైపు తిరిగి, నవ్వు మొహంతో, గబగబా ఇంగ్లీషులో ఒక పెద్ద ప్రశ్న వేశాను. విద్యావిధానంలో పరీక్షల పాత్ర గురించి. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని నా నోటివైపు చూసింది. ఒక మాట అంది, ఆగింది, ఇంకో మాట కోసం వెతికింది. మా మరిది పగలబడి నవ్వాడు. "ఉద్యోగం ఖాయం!" అన్నాడు. ఆమె కూడా నవ్వేసింది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మా అమ్మాయి కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. గెలిచాననుకున్నాను, ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

ఆమె పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా బడికి ఒంటిపూట సెలవిచ్చారు. పెందలాడే ఇంటికొచ్చాను. మెట్ల కింద గది తలుపు ఓరగా ఉంది, లోపల ఇద్దరి గొంతులు. నా పోరు పడలేక నేను బడిలో ఉండే వేళకి మార్చుకున్నట్టున్నారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దొంగలా అక్కడే నిలబడ్డాను. టీచరుని, తల్లిని, యాభైకి దగ్గర పడ్డదాన్ని. సిగ్గు లేదా అంటే ఆ క్షణంలో లేదు.

ముందు మా తోటికోడలి వంతు. పరీక్షలో భయపడిన రోజు గురించి చెప్పాలి. ఆమె ఇంగ్లీషులో చెప్పింది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పదో తరగతి పరీక్షకు వెళ్ళిందట. కాగితం మీద నంబరు వేసిందట. ఆ తర్వాత కలం కదల్లేదట. అన్నీ వచ్చు, చేయి రాలేదు. మూడు గంటలు అలాగే కూర్చుని, తెల్ల కాగితం ఇచ్చేసి ఇంటికొచ్చిందట. మొద్దు అన్నారు, దర్జీ దగ్గర పనికి పెట్టారు. ఎందుకు రాయలేదని ఇంతవరకు ఎవరూ అడగలేదట. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. చదువు అబ్బక తప్పిందనే నేనూ అనుకున్నాను.

తర్వాత మా అమ్మాయి వంతు. అదే కార్డు.

"నా కలం కూడా కదలడం లేదు" అంది మా అమ్మాయి. "రెండు నెలలుగా నాకు నిద్ర లేదు. పరీక్ష హాల్లో అక్షరాలు ఈదుతుంటాయి. మొన్నటి మాదిరి పరీక్షలో సగం ప్రశ్నలు వదిలేశాను. అమ్మకి తొంభై అని చెప్పాను. అంతకు ముందు కూడా తొంభై అనే చెప్పాను. అమ్మ అడిగినప్పుడల్లా..."

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఎన్ని వదిలేశావు?" అన్నాను.

నా బిడ్డ రెండు నెలలుగా నిద్రపోవడం లేదని విని, నేను అడిగిన మొదటి మాట అది. మా అమ్మాయి చొక్కా కాలరు కొస పళ్ళ మధ్యకు పోయింది. అప్పుడు చూశాను, ఆ కొస పీచుపీచుగా ఉంది. నడుం దగ్గర కుట్టు రెండు వరసలుగా ఉంది, పిల్ల చిక్కిన కొద్దీ లోపలికి తీసి తీసి కుట్టినట్టు. బల్ల మీద ఫోనులో అంకెలు ఇంకా తిరుగుతున్నాయి.

"అక్కా, దాని సమయం ఇంకా నలభై సెకన్లుంది" అంది మా తోటికోడలు, మెల్లగా.

ఇంక నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. దాని గురించి భయం, నా మీద నాకు కోపం, అన్నీ కలిపి ఆమె మీద కుమ్మరించాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. నా కూతురి సంగతి నా దగ్గర దాచడానికి నువ్వెవరన్నాను. తప్పినవాళ్ళ సావాసం చేస్తే తప్పడమే వస్తుందన్నాను. ఇక ఈ గది గడప నా కూతురు తొక్కదన్నాను. ఆమె ఫోను తీసి, ఆ లెక్క ఆపి, మా అమ్మాయి చేతిలో పెట్టింది.

ఆ తొమ్మిది రోజులూ మెట్ల కింద మిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. నేను కోరుకున్నదే కదా. మా అమ్మాయి మార్కుల కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టేసింది. తొంభై అన్నవి నలభైలు, ముప్ఫైలు. నేను తిట్టలేదు. మాట్లాడదాం రా అని పిలిచాను. నిలబడింది. ఎందుకిలా అయింది అంటే ఊఁ అంది. డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటే ఊఁ అంది. నాతో చెప్పవే తల్లీ అని చేయి పట్టుకుంటే, మెల్లగా విడిపించుకుని వెళ్ళి పుస్తకం తెరిచింది. బడిలో నలభై మంది పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకునే నాకు, ఒక్క పిల్ల చేత ఒక్క మాట చెప్పించుకోవడం చేతకాలేదు.

మా తోటికోడలు పరీక్షకు వెళ్ళొచ్చింది. వారానికి ఫలితం వచ్చింది. తప్పింది. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు, మళ్ళీ ఖాళీ రావాలంటే ఎన్నేళ్ళో.

నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నా గుండెల్లో ఎక్కడో చల్లగా అయింది. ఒక్క క్షణమే. కానీ అయింది. ఆ చల్లదనంతోనే, ఓదార్చే మొహం పెట్టుకుని మెట్ల కింద గదికి వెళ్ళాను. ఆమె ఎవరి స్కర్టుకో మడత విప్పుతోంది. దారం ఎక్కించడానికి వచ్చిందేమో, మా అమ్మాయి సూది పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. గడప తొక్కొద్దన్న నా మాట ఇద్దరికీ గుర్తులేనట్టే ఉంది. నేనూ గుర్తు చేయలేదు.

"ఎక్కడ పోయింది? మాట రాలేదా?" అన్నాను.

"వచ్చిందక్కా. కార్డే మంచిది రాలేదు."

"ఏమొచ్చింది?"

ఆమె కాసేపు కుట్టు విప్పుతూనే ఉంది. "నీకు బాగా తెలిసిన ఒక విద్యార్థి పరీక్షల వల్ల పడుతున్న బాధ గురించి చెప్పు, అని. నాకు బాగా తెలిసిన విద్యార్థి ఇంకెవరున్నారు? కాలర్లు నమిలే పిల్లల గురించి చెప్పాను. అర నిమిషంలో అయిపోయింది. మిగతా సేపంతా బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు పాపం మంచివాళ్ళు, ఇంకేమైనా చెప్పమ్మా అని రెండుసార్లు అడిగారు."

మా అమ్మాయి కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "నా గురించి చెప్పేయాల్సింది పిన్నీ! నెల రోజులు అదే కదా మాట్లాడుకున్నాం. మొత్తం నోటికొచ్చు నీకు. అమ్మకి ఎలాగూ తెలిసిపోయింది, ఇంక దాచేదేముంది?"

"ఎలా చెబుతానే? మీ అమ్మకి చెప్పాల్సిన మాట నువ్వింకా మీ అమ్మకే చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి నేను ముందే చెప్పేస్తానా?"

"నాకు చెప్పాల్సిన మాటా?" అన్నాను.

"నీకు చెప్పడానికే కదక్కా అన్నాళ్ళు సాధన చేసింది" అంది మా తోటికోడలు, స్కర్టు మీదనుంచి తలెత్తకుండానే. "తెలుగులో మొదలుపెడితే ఏడుపొచ్చేస్తోందంది. సరే ఇంగ్లీషులో చెప్పి చూడవే, అలవాటైతే నీ అంతట నువ్వే వెళ్ళి చెబుతావు అన్నాను. నువ్వు తలుపు తోసుకొచ్చిన ఆ వారమే చెబుతానంది కూడా."

నేను మిషను పక్కనున్న పీట మీద కూలబడ్డాను. ఇంతసేపూ గుండెల్లో ఉన్న చల్లదనం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆమె ఉద్యోగం తిరిగి తెచ్చివ్వడం నా చేతుల్లో లేదు. క్షమించమనడానికి నోరు పెగల్లేదు. అది తర్వాత చెప్పాను, చాలా రోజుల తర్వాత, అదీ సరిగ్గా చెప్పలేదు.

"ఆ రోజు సగమే విన్నాను" అన్నాను మా అమ్మాయితో. "మిగతాది చెప్పు. నేను మాట్లాడను."

మా అమ్మాయి నన్ను నమ్మలేదు. సూది బట్టకి గుచ్చి పక్కన పెట్టి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నన్ను చూసింది.

"పిన్ని కూడా ఉంటేనే" అంది.

మా తోటికోడలు స్కర్టు చంకలో పెట్టుకుని అప్పటికే లేచింది. "మీ అమ్మా నువ్వూ మాట్లాడుకోండే, మధ్యలో నేనెందుకు" అంటోంది. నేను కన్న పిల్ల నాతో మాట్లాడ్డానికి ఇంకో మనిషి తోడు కావాలంటోంది. ఆ మాట ఎక్కడ దిగాలో అక్కడే దిగింది.

"ఉండు. కూర్చో" అన్నాను ఆమెతో.

కూర్చుంది. మా అమ్మాయి మొదలుపెట్టింది. ఈసారి తెలుగులోనే. డాక్టరు చదువు వద్దని కాదట, అసలు ఏం కావాలో ఆలోచించుకోవడానికి తలలో చోటు లేదట. ఈ ఏడాది పరీక్ష రాయలేనంది. ముందు నిద్ర కావాలంది. సాయంత్రం నేను గేటు తీసిన చప్పుడు వినిపించేదాకా గోడవైపు చూస్తూ కూర్చుంటుందట, చప్పుడు వినగానే పుస్తకం తెరుస్తుందట. వంద తెచ్చినా నేను ఇంకేదో అడుగుతానని తెలుసు కాబట్టి, తొంభై అయితే నమ్ముతానని తొంభై అని చెప్పిందట.

ఐదారుసార్లు నా నోటిదాకా మాట వచ్చింది. అలా కాదు అని, నేనెప్పుడన్నాను అని, నీ మంచికే కదా అని. పెదవి పళ్ళతో పట్టుకుని కూర్చున్నాను.

చెప్పినంతసేపూ అది పిన్ని మొహంలోకే చూసింది. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. నాకు మండింది, అబద్ధమెందుకు. మండుతున్నా, చివరిదాకా విన్నాను.